సిరంజిలో ఉన్న మందు పేరేమిటి?

"డిస్కు కరిగించే ఇంజెక్షన్ మేడమ్. పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు. కోత లేదు, కుట్లు లేవు."

పోయిన ఆషాఢంలో ఒక నొప్పుల క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి నాతో అన్న మాటలివి. నేను కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఎడమ పిరుదు దగ్గర మొదలైన నొప్పి తొడ వెనకనుంచి పిక్కలోకి దిగి, పాదం పక్కగా చిటికెన వేలి దాకా తీగ పట్టి లాగినట్టు లాగేది. దగ్గితే జివ్వుమనేది. తుమ్ము వస్తుందంటే ముందుగా తలుపు పట్టుకునేదాన్ని. అప్పటికి ఆరో వారం. రాత్రిళ్ళు నిద్ర లేదు. మా ఆయన చేతిలో ఎంఆర్ఐ కవరు, మొహంలో నా కంటే ఎక్కువ టెన్షన్. ప్యాకేజీ 65 వేలన్నారు. ఆ రోజే అడ్వాన్సు కడితే ఐదు వేలు తగ్గిస్తామన్నారు.

"మందు పేరేంటమ్మా?" అని అడిగాను.

"ఎంజైమ్ మేడమ్."

"ఏ ఎంజైమ్?"

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. "ఓజోన్‌తో కలిపి ఇస్తారట మేడమ్. సార్ చూసుకుంటారు" అంది.

ఓజోన్ ఒక వాయువు. మూడు ఆక్సిజన్ పరమాణువుల ముద్ద. దాన్ని డిస్కులోకి ఎక్కించే వైద్యం వేరే ఉంది, దాని మంచిచెడ్డలు దానికున్నాయి. కానీ అది ఎంజైమ్ కాదు. ఎంజైమ్ అంటే జీవుల్లో రసాయన మార్పుల్ని వేగంగా జరిపించే ప్రోటీన్. ఇరవై మూడేళ్ళుగా జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతున్నాను. ఎంజైముల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నిలబడే ఓపిక లేక ఆ రోజు వాదించలేదు. ఆలోచించుకుని వస్తామని చెప్పి వచ్చేశాం.

ఇంటికొచ్చి బోర్లా పడుకుని ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నెలల తరబడి చదువుతూనే ఉన్నాను. డిస్కును కరిగించే ఎంజైమ్ ఇంజెక్షన్ అన్నది ఎవరో పుట్టించిన మాట కాదు. అరవై ఏళ్ళ చరిత్ర ఉన్న అసలైన వైద్యం. ఒకసారి వచ్చి, పేరు తెచ్చుకుని, చెడ్డపేరు కూడా తెచ్చుకుని పోయింది. ఇప్పుడు ఇంకో రూపంలో జపాన్‌లో మళ్ళీ వచ్చింది. ఆ వైద్యం మన దగ్గరికి కూడా రావాలని నా కోరిక. ఎలా రావాలో చెప్పాలంటే మొదటిసారి ఎలా పోయిందో ముందు చెప్పాలి.

మా చిన్నాయనకు రైల్వే కోడూరు దగ్గర బొప్పాయి తోట ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే పచ్చి కాయల మీద గోరుతో గీతలు గీసేవాళ్ళం. గీసిన చోట తెల్లటి పాలు చుక్కలు చుక్కలుగా పుట్టి, కిందికి జారి, కాసేపట్లో జిగురుగా గడ్డకట్టేవి. ఆ పాలు అంటిన చెయ్యి సాయంత్రానికి దురద పెట్టేది. రెండు రోజులు వరసగా ఆడితే వేళ్ళ కొసల్లో తోలు పలచబడి మంట పుట్టేది. "అది మాంసాన్నే కరిగిస్తుంది, మీ వేళ్ళొక లెక్కా!" అని చిన్నమ్మ తిట్టేది. చిన్నమ్మ మాట నిజమే. ముదురు మాంసం ఎంతకీ ఉడకకపోతే మా ఇళ్ళలో రెండు పచ్చి బొప్పాయి ముక్కలు వేస్తారు. హైదరాబాదులో పత్తర్ కా గోష్త్ చేసేవాళ్ళు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి నానబెడతారు. ఆ పాలలో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములున్నాయి. పపైన్ సంగతి చాలామందికి తెలుసు. దానికి తోడబుట్టినది కైమోపపైన్. 1941లో యూజీన్ జాన్సెన్, ఆర్నాల్డ్ బాల్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు దాన్ని బొప్పాయి పాలనుంచి విడదీశారు.

1956లో న్యూయార్క్‌లో లూయిస్ థామస్ అనే డాక్టరు పరిశోధన కోసం కుందేళ్ళ రక్తనాళంలోకి పపైన్ ఎక్కించాడు. నిటారుగా ఉండాల్సిన కుందేలు చెవులు వాడిపోయిన తమలపాకుల్లా వేలాడిపోయాయి. కుందేలు మాత్రం హాయిగా గెంతుతోంది. కొన్ని రోజుల్లో చెవులు మళ్ళీ లేచి నిలబడ్డాయి. చెవిని నిలబెట్టేది మృదులాస్థి. దానికి బిగువు ఇచ్చే పదార్థాన్ని ఎంజైమ్ కరిగించేసింది, ఒళ్ళు మళ్ళీ తయారు చేసుకుంది.

ఈ చెవుల సంగతి అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఎల్గిన్ పట్టణంలో ఉన్న లైమన్ స్మిత్ అనే ఎముకల డాక్టరుకు ఇంకో ఆలోచన ఇచ్చింది. వెన్నుపూసల మధ్య డిస్కు కూడా మృదులాస్థే కదా. నరాన్ని నొక్కుతున్నది డిస్కు లోపలి గుజ్జే కదా. ముందు జంతువుల మీద చూసి, 1963లో మొదటిసారి మనిషి డిస్కులోకి కైమోపపైన్ ఎక్కించాడు. 1964లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. ఈ వైద్యానికి కీమోన్యూక్లియోలిసిస్ అని పేరు పెట్టారు. మందుతో గుజ్జును కరిగించడం అని అర్థం.

డిస్కు ఎలా ఉంటుందో నా విద్యార్థులకు చెప్పేటప్పుడు తాటిముంజను గుర్తు చేస్తాను. బయట గట్టి పొర, లోపల నీళ్ళూరే గుజ్జు. ముంజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొర చిట్లిన వైపునుంచి గుజ్జు పొడుచుకొస్తుంది. డిస్కు జారడమంటే అదే. పళ్ళెంలా మొత్తం పక్కకు జరిగిపోవడం కాదు. పొడుచుకొచ్చిన గుజ్జు పక్కనే ఉన్న నరం వేరును నొక్కుతుంది, ఆ నరం చుట్టూ వాపు వస్తుంది, ఆ నరం పోయే దారి పొడుగునా కాలు లాగుతుంది. నడుములో ఉన్న తప్పుకు చిటికెన వేలు శిక్ష అనుభవిస్తుంది.

ఆ గుజ్జులో అన్ని నీళ్ళు ఎలా నిలుస్తాయి? మా ల్యాబులో టెస్ట్‌ట్యూబులు కడిగే బ్రష్ చూసినప్పుడల్లా నాకిప్పుడు ఇదే గుర్తొస్తుంది. నడుమ ప్రోటీన్ తీగ, దాని చుట్టూ కుచ్చులా చక్కెర గొలుసులు. ఎక్కువగా కాండ్రాయిటిన్ సల్ఫేట్. ఆ కుచ్చు నీళ్ళను పట్టి ఉంచుతుంది. కైమోపపైన్ నడుమ తీగనే కత్తిరిస్తుంది. బ్రష్ విడిపోతుంది, నీళ్ళు వదిలేస్తుంది, గుజ్జు కుంచించుకుపోతుంది, నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. అంతా సవ్యంగా జరిగితే.

సవ్యంగా జరగనప్పుడు ఏమైందో అమెరికా చూసింది. ఈ మందు చరిత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన భాగం ఇదే.

1970ల నడుమ అమెరికాలో రోగుల్ని రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే మందుకూ డమ్మీ సూదికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మందు అనుమతి కోసం పెట్టిన దరఖాస్తును కంపెనీ వెనక్కి తీసుకుంది. డమ్మీగా వాడిన ద్రవం ఉత్తి ఉప్పునీళ్ళు కాదనీ, అందులో మందుతోపాటు కలిపే రసాయనాలు ఉన్నాయనీ, పోలిక సరిగ్గా లేదనీ తర్వాత గొడవ నడిచింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో రాబర్ట్ ఫ్రేజర్ 60 మంది రోగులతో, ఈసారి ఉప్పునీళ్ళతోనే పోల్చి, 1982లో ఫలితాలు ప్రకటించాడు. మందు గెలిచింది. అమెరికాలో 108 మందితో చేసిన ఇంకో పరీక్షలోనూ గెలిచింది. 1982 నవంబరులో అమెరికా మందుల శాఖ అనుమతి ఇచ్చింది.

ఇరవై ఏళ్ళుగా ఆగి ఉన్న కట్ట ఒక్కసారిగా తెగినట్టయింది. కొద్ది రోజుల శిక్షణ పొంది వెళ్ళి సూదులు వేసినవాళ్ళున్నారు. డిస్కులోకి పోవాల్సిన సూది వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పోతే, ప్రోటీన్ కత్తిరించే ఆ ఎంజైమ్ అక్కడి సన్నటి రక్తనాళాల గోడల్నీ వదలదు. రక్తస్రావమైంది. కొందరికి కాళ్ళు పడిపోయాయి. ఇక కొందరికి అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే ఎలర్జీ. సూది పడిన నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరి అందకపోవడం. ఆడవాళ్ళలో ఇది ఎక్కువగా కనబడింది. బొప్పాయి ఎంజైమ్ అప్పటికే మాంసం మెత్తబరిచే పొడి రూపంలో అమెరికా వంటిళ్ళలో తిరుగుతోంది. కొందరి ఒంటికి అది ముందే పరిచయం, ముందే పగ. తర్వాత్తర్వాత ముందుగా రక్తపరీక్షతో ఎలర్జీ ఉందో లేదో చూడటం మొదలైంది.

1982 నుంచి 1991 దాకా అమెరికాలో సుమారు 1,35,000 మందికి ఈ ఇంజెక్షన్ ఇచ్చారు. వాళ్ళలో తీవ్రమైన దుష్ఫలితాలుగా నమోదైనవి 121. ఎలర్జీతో చనిపోయినవాళ్ళు 7 మంది, ఇన్ఫెక్షన్లు 24, రక్తస్రావాలు 32, నరాల దెబ్బలు 32. అన్ని కారణాలూ కలిపి మరణాలు 0.019 శాతం, అంటే పదివేల మందిలో ఇద్దరు. నమోదు కానివి ఎంతో కొంత ఉంటాయి, నిజమే. అయినా ఈ లెక్క చూసి, "ఇంత చెడ్డపేరుకు తగినంత ప్రమాదకరమైన మందేనా ఇది?" అని చాలాసేపు ఆలోచించాను. కాళ్ళు పడిపోయిన ఒక్క మనిషి కథ లక్ష మంది నడుచుకుంటూ ఇంటికెళ్ళిన కథల్ని మింగేస్తుంది. ఆ ఒక్క మనిషి స్థానంలో నేనుంటే నాకు ఆ లక్ష మందితో పని లేదు. ఈ రెండూ నిజాలే. రెంటినీ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం.

సర్జన్లు జంకారు. ఈలోపు మైక్రోస్కోపుతో చిన్న కోత పెట్టి చేసే ఆపరేషన్ బాగా మెరుగుపడింది. పోలికల్లో కూడా, డమ్మీ సూది కంటే ఎంజైమ్ మెరుగు, ఎంజైమ్ కంటే ఆపరేషన్ మెరుగు అని తేలింది. ఎంజైమ్ పని చెయ్యక మళ్ళీ ఆపరేషన్‌కు వెళ్ళినవాళ్ళు తక్కువేమీ కాదు. గిరాకీ పడిపోయింది. తయారు చేసే కంపెనీ ప్రపంచమంతటా అమ్మకం ఆపెయ్యాలనుకుంది. 2003 నాటికి అమెరికాలో ఆ మందు కథ ముగిసింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కైమోపపైన్‌ను దాని గుణం సగం చంపింది, మిగతా సగం మనుషుల తొందర చంపింది. ప్రోటీన్ కనబడితే కత్తిరించడం, ఎలర్జీ తెప్పించడం దాని గుణం. ఎవరికి ఇవ్వాలో, ఎవరు ఇవ్వాలో చూసుకోకపోవడం, సూది ఏ దారిన పోవాలో సరిగ్గా నేర్చుకోకుండానే ఇవ్వడం మనుషులు చేసినవి. మందు గుణాన్ని రసాయన శాస్త్రం మార్చగలదు. ఆ పని జపాన్ చేసింది.

సెయికగాకు అనే జపాన్ కంపెనీ ఇంకో ఎంజైమ్ పట్టుకుంది. ప్రోటియస్ వల్గారిస్ అనే బాక్టీరియానుంచి వచ్చిన కాండోలియేజ్. ఇది తీగ జోలికి పోదు. కుచ్చును మాత్రం కోస్తుంది. కాండ్రాయిటిన్ సల్ఫేట్ లాంటి చక్కెర గొలుసులు తెగుతాయి, నీళ్ళు వదులుతాయి, ప్రోటీన్‌కు ఏమీ కాదు. రక్తనాళాల గోడలు, నరాల పొరలు కైమోపపైన్‌కు దొరికినట్టు దీనికి దొరకవు. 2018 మార్చిలో జపాన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. హెర్నికోర్ అనే పేరుతో అదే ఏడాది వాడకంలోకి వచ్చింది. మోతాదు 1.25 యూనిట్లు, ఒక్కసారే. ఒక మనిషికి జీవితంలో రెండోసారి ఇవ్వరు. ఎందుకంటే ఇదీ బయటి ప్రోటీనే, మొదటిసారి పరిచయమైన ఒళ్ళు రెండోసారి ఎదురుతిరగవచ్చు. ఇంజెక్షన్ తర్వాత కొందరికి కొన్నాళ్ళు నడుం నొప్పి ఉంటుంది. డిస్కు ఎత్తు తగ్గుతుంది, పక్కనున్న వెన్నుపూసల్లో ఎంఆర్ఐ మార్పులు కనబడతాయి. గుజ్జును కరిగించాక గుజ్జు ఉన్న చోటు తగ్గక ఎలా ఉంటుంది!

అనుమతికి ఆధారమైన జపాన్ పరీక్షలో 160 మందికి పైగా ఉన్నారు. సగం మందికి మందు, సగం మందికి మందు లేని సూది, రెండూ డిస్కులోకే. నొప్పిని 0 నుంచి 100 దాకా ఉన్న గీత మీద గుర్తు పెట్టమన్నారు. 13 వారాల తర్వాత చూస్తే మందు తీసుకున్నవాళ్ళ కాలి నొప్పి సగటున 49.5 తగ్గింది.

చాలా మంచి ఫలితం. అయితే మందు లేని సూది వేయించుకున్నవాళ్ళ నొప్పి కూడా తగ్గింది. ఎంత? 34.3.

ఈ అంకె దగ్గర నేను ఫోన్ పక్కన పెట్టి లేచి కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమో మర్చిపోయి. ఒక రోగి బాగుపడటాన్ని వంద రూపాయలనుకుంటే, అందులో దాదాపు 70 రూపాయలు కాలానివి, ఓపికవి, సూది పడిందన్న నమ్మకానివి. మందు సొంత సంపాదన మిగిలిన 30. నేను వెళ్ళిన క్లినిక్ గోడ మీద నవ్వుతున్న ఫోటోలున్నాయి, "నడవలేని స్థితినుంచి..." అంటూ. ఆ ఫోటోల్లో మనుషులు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకు నిజంగానే తగ్గింది. కానీ ఉత్తి సూది గుచ్చినా వంద మందిలో చాలామందికి తగ్గేదే. పక్కన రెండో గుంపు లేకుండా మొదటి గుంపు ఫోటోలు ఎన్ని పెట్టినా మందు గురించి నాకేమీ తెలియదు.

దీన్నిబట్టి కాండోలియేజ్ పనికిరాదని నేననను. ఆరు వారాలు నిద్రలేని మనిషిగా చెబుతున్నాను, వందలో 15 తగ్గడమంటే రాత్రి మూడు గంటలు నిద్ర పట్టడం. తరగతి గదిలో బోర్డు దగ్గరికి నడవగలగడం. ఆ 15 కోసం నేను డబ్బు పెడతాను, చిన్న ప్రమాదానికి కూడా సిద్ధపడతాను. నాకు కావాల్సిందల్లా అది 15 అని ముందు చెప్పడం. అమెరికాలో ఇదే మందు మొదటి పెద్ద పరీక్షలో డమ్మీని దాటలేకపోయింది, రెండో పరీక్షలో దాటింది. అది కూడా చెప్పాలి. రోగికి అంకెలు అర్థం కావనుకునే డాక్టర్లు ఒకసారి మా పక్కింటి కిరాణా కొట్టాయన వడ్డీ లెక్కలు చూడాలి.

జపాన్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. నొప్పి మొదలైన మొదటి వారంలో నాకు రాసిచ్చిన మాత్రలో మూడు మందులు కలిసి ఉన్నాయి. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్, సెరాషియోపెప్టిడేజ్. ఈ మూడోది కూడా ఎంజైమే. పట్టుపురుగు పేగులో ఉండే బాక్టీరియానుంచి వచ్చింది, వాపు తగ్గిస్తుందని ఇస్తారు. పన్ను పీకినా, కాలు బెణికినా, నడుం పట్టేసినా మన మెడికల్ షాపుల్లో ఇది దొరకని చోటు లేదు. ఈ మందు పుట్టిల్లు జపానే. అక్కడ తకేడా కంపెనీ డాన్‌జెన్ పేరుతో దశాబ్దాలు అమ్మింది. మళ్ళీ పరీక్ష చేస్తే డమ్మీ మాత్ర కంటే మెరుగని తేలలేదు. 2011లో కంపెనీ తనంతట తానే మార్కెట్‌నుంచి వెనక్కి తీసుకుంది. డమ్మీతో పోల్చి ఓడిన ఎంజైమ్‌ను పక్కన పెట్టిన దేశమే, డమ్మీతో పోల్చి గెలిచిన ఎంజైమ్‌ను తెచ్చుకుంది. కొలబద్ద ఒక్కటే. మనం మొదటిదాన్ని ఇంకా మింగుతున్నాం, రెండోదాని పేరు చెప్పి ఇంకేదో ఎక్కించుకుంటున్నాం. ఇది తల్చుకుంటే నాకు నిజంగా కోపమొస్తుంది.

క్లినిక్‌నుంచి వచ్చిన మూడో రోజు మా ఆడపడుచు బలవంతం మీద ఒక న్యూరోసర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఎంఆర్ఐ చూసేముందు నన్ను చూశారు. "ఎడమ కాలి మునివేళ్ళ మీద పదిసార్లు లేవండమ్మా" అన్నారు. గోడ పట్టుకుని లేచాను. ఎనిమిదోసారికి మడమ వణికింది కానీ లేచింది. మడమ వెనక సుత్తితో కొట్టి చూశారు. పాదం పక్కగా దూదితో రాసి, తెలుస్తోందా అని అడిగారు. అప్పుడు ఫిల్ము పైకెత్తి, నడుము అడుగున ఎల్5, ఎస్1 అనే పూసల మధ్య ఉన్న నల్లటి డిస్కునూ, దాని వెనక నాలుకలా పొడుచుకొచ్చిన ముక్కనూ చూపించారు. రిపోర్టులో దాన్ని ఎక్స్‌ట్రూజన్ అని రాశారు. ఆ మాట చూసే మా ఆయనకు నిద్ర పట్టలేదు.

"ఇలా బాగా బయటికి వచ్చినవే ఎక్కువగా కరిగిపోతాయమ్మా" అన్నారాయన. "బల్జ్ అని రాసినవి, అంటే కాస్త ఉబ్బినవి, ఎక్కువగా అలాగే ఉండిపోతాయి."

నాకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత చదివితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేస్తే, తెగిపోయి విడిగా పడిన ముక్కల్లో 96 శాతం, నా లాంటి ఎక్స్‌ట్రూజన్లలో 70 శాతం, చిన్నగా పొడుచుకొచ్చినవాటిలో 41 శాతం, ఉత్తి బల్జ్‌ల్లో 13 శాతం వాటంతటవే తగ్గాయని తేలింది. గుజ్జు పొర దాటి బయటికి వస్తే ఒంట్లోని రక్షక కణాలు దాన్ని పరాయిదిగా చూసి తినేస్తాయి. ఎలా తింటాయి? ఎంజైములతో. 65 వేలకు అమ్మజూపిన పనిని నా ఒళ్ళే చేసుకుంటోంది. దానికి కావాల్సింది టైము.

అలాగని అందరికీ టైము ఇచ్చి కూర్చోమనడం నా ఉద్దేశం కాదు. నెదర్లాండ్స్‌లో సయాటికా, అంటే నాలా నడుమునుంచి కాలు లాగే నొప్పి ఉన్న 283 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్ చేసి, రెండో గుంపును ఆగి చూడమన్నారు. 2007లో ఫలితాలొచ్చాయి. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. కానీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు చాలా ముందుగా కోలుకున్నారు. ఆగి చూడమన్న గుంపులో 39 శాతం మంది ఆగలేక ఆపరేషన్‌కు వెళ్ళారు. ఆ 39 శాతం గురించే నా బాధంతా. ఆటో నడిపేవాడు, మిర్చి కోతకు వెళ్ళే మనిషి, కంప్యూటర్ ముందు పది గంటలు కూర్చుంటే గానీ జీతం రాని పిల్లలు. వీళ్ళు నాలుగు నెలలు ఆగలేరు, వెన్నులో కత్తి పెట్టించుకోవడానికి భయపడతారు. ఆగడానికీ ఆపరేషన్‌కూ నడుమ ఒక మెట్టు ఉంటే ఎక్కేది వాళ్ళే. ఆ మెట్టు లేదు కాబట్టే, అది ఉందని చెప్పిన ప్రతివాడి వెనకా వాళ్ళు వెళ్తున్నారు.

ఆ మెట్టు నిజంగా కట్టాలంటే జపాన్ పెట్టుకున్న నియమాలను మందుతోపాటే తెచ్చుకోవాలి. అక్కడ అందరికీ ఇవ్వరు. గుజ్జు పొడుచుకొచ్చినా వెనక లిగమెంట్ పొర కిందే ఉన్నవాళ్ళకు, ఎంఆర్ఐలో కనబడేదీ కాలిలో ఉన్న నొప్పీ సరిగ్గా కలిసినవాళ్ళకు, మందులూ విశ్రాంతీ సరిపోనివాళ్ళకు ఇస్తారు. ఇచ్చేది ఎక్స్‌రే మీద సూదిని చూస్తూ డిస్కు నడిబొడ్డుకు చేర్చగలిగిన శిక్షణ ఉన్నవాళ్ళు. ఎలర్జీ వస్తే నిమిషాల్లో ఎదుర్కోగల ఏర్పాటు ఉండాలి. ఎంఆర్ఐ కాగితం ఒక్కటే చూసి సూది వేస్తే, మనలో సగం మందికి వెయ్యాల్సి వస్తుంది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళ పిల్లల్ని స్కాన్ చేసినా 30 శాతం మందిలో డిస్కు బల్జ్ కనబడుతుందని, ఎనభై ఏళ్ళవాళ్ళలో అది 84 శాతమని ఇంకో పెద్ద సమీక్ష చెబుతోంది.

మాకు సర్జన్ గారు చివర్లో చెప్పిన మాటలు మా ఆయన చీటీ వెనక రాసుకున్నారు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, ఆ రాత్రే రావాలి. అప్పుడు ఏ ఇంజెక్షనూ కుదరదు, ఆపరేషనే. ఆ చీటీ మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.

నాకు పదో వారానికి రాత్రి నిద్ర వచ్చింది. నాలుగో నెలలో మెట్లెక్కి పై అంతస్తులో క్లాసు చెప్పాను. చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుబారే ఉంది, చెప్పు వేసుకుంటే ఆ వేలు లోపలికి పోయిందో లేదో చూసుకోవాలి. నాకు తగ్గింది కదా, అందరికీ తగ్గుతుందని నేను ఎవరికీ చెప్పను. నా 70 శాతంలో నేను పడ్డాను, అంతే. మిగిలిన 30 శాతంలో పడి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేదేమో, జపాన్‌కు టికెట్ ఎంతో కనుక్కునేదాన్నేమో.

మొన్న మా కాలేజీ ల్యాబ్ అటెండరు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వాళ్ళ ఆవిడ టైలరింగ్ చేస్తుంది. రెండు నెలలుగా కుడి కాలు లాగుతోందట, మిషన్ తొక్కలేకపోతోందట. "డిస్కు కరిగించే ఇంజెక్షన్ ఉందంట మేడమ్. అరవై వేలంట. ఆమె గాజులు పెడదామనుకుంటున్నాం. మీరు కూడా ఇట్లాగే పడ్డారు కదా, మంచిదేనా?" అని అడిగాడు. నేను వెళ్ళిన చోటు కాదు, ఇంకో ఊళ్ళో ఇంకో క్లినిక్.

"గాజులు ఇప్పుడే పెట్టొద్దప్పా" అన్నాను. రికార్డు పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి నాలుగు ప్రశ్నలు రాశాను. సిరంజిలో ఉన్న మందు పేరేమిటి, సీసా చూపిస్తారా? మా ఆవిడ స్కాన్‌లో ఉన్నదీ కాలి నొప్పీ కలిశాయని ఎవరు పరీక్ష చేసి చెప్పారు? ఏ మందూ లేని సూదితో దీన్ని పోల్చి చూశారా, తేడా ఎంత వచ్చింది? ఇంకో ఆరు వారాలు ఆగితే ఏమవుతుంది?

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూసుకుని, "ఇవి అడిగితే వాళ్ళు కోప్పడతారేమో మేడమ్, మీరు కూడా వస్తారా?" అన్నాడు.

శనివారం పదకొండింటికి అపాయింట్‌మెంట్. ఆ రోజు నాకు మధ్యాహ్నం ప్రాక్టికల్స్ మాత్రమే ఉన్నాయి. వస్తానన్నాను.